నాలుగో మెట్టు

ప్రియమైన అక్కకి,

నవ్వనని మాటిస్తేనే కిందిది చదువు. నేను బ్లాగు మొదలుపెట్టాను.

నవ్వావు కదూ! నాకు తెలుసు. బళ్ళో వర్షాకాలం మీద వ్యాసం రాయమంటే నాలుగు వాక్యాలు రాసి, ఐదోది నీ దగ్గర అడుక్కున్న మనిషిని నేను. తప్పు నాది కాదు, మా మేనేజరు కళ్ళజోడు గారిది. "ఇళ్ళు చూపించే ఏజెంట్లు ఊరినిండా ఉన్నారు. జనం మనల్నే ఎందుకు పిలవాలి? రాయండి, తలా ఒక బ్లాగు రాయండి" అని హుకుం జారీ చేశారు. మిగతావాళ్ళంతా "విశాలమైన గదులు, ధారాళమైన వెలుతురు" అంటూ మొదలెట్టేశారు. ఆ ఇళ్ళన్నీ నేను చూసినవే. ఒక ఇంట్లో అయితే మన గదిలో వెలుతురు రావాలంటే పక్కింటివాళ్ళు లైటు వేసుకోవాలి.

అందుకని నాకు నేనే ఒక నియమం పెట్టుకున్నాను. నా అలవాటు నీకు తెలుసుగా. ఏ ఇల్లయినా ఎవరికీ చూపించకముందే ఒక్కదాన్నే వెళ్ళి, చెప్పులు విప్పి, గది గదీ తిరుగుతాను. కంటికి కనపడనివి కాలికి తెలుస్తాయి. అలా తెలిసిన లోపమే నా మొదటి వాక్యం. బ్లాగు పేరు కూడా అదే, "ముందు లోపం". మంచి మాటలు ఆ తర్వాతే.

మొదటి ఇల్లు రాసి ప్రింటు తీసి ఇందులో పెట్టాను. నువ్వు తెర మీద చదవవు కదా, అందుకే పోస్టులో. మార్జిను వెడల్పుగా వదిలాను. చిన్నప్పట్లాగే ఎర్ర పెన్నుతో దిద్ది పంపించు. నీ చెయ్యి పడందే నేను బయట పెట్టను. కాలేజీలో సాహిత్యం చెప్పే అక్కని ఇంట్లో పెట్టుకుని తప్పులతో వీధిన పడటం ఎందుకు చెప్పు?

బావని అడిగానని చెప్పు.

నీ
పిచ్చుక

*

ప్రియమైన పిచ్చుకకి,

నేను నవ్వలేదు. నవ్వింది మీ బావ. నీ కాగితాలు బల్ల మీద పెట్టి మంచినీళ్ళకి లేచాను. వచ్చేసరికి ఆయన చేతిలో ఉన్నాయి. "స్నానాల గది తలుపు సగమే తెరుచుకుంటుంది, ఒళ్ళున్నవాళ్ళు ముందే ఆలోచించుకోవాలి" అన్న చోట పడీ పడీ నవ్వారు. నన్ను పిలిచి మరీ చదివి వినిపించారు, అది నా బల్ల మీది కాగితమే అయినా.

నా నవల రాతప్రతి పదకొండేళ్ళుగా ఆయన సొరుగులో ఉంది. ముప్ఫై రెండో పేజీలో గుర్తుగా బస్సు టికెట్టు పెట్టుకున్నారు. ఆ టికెట్టు ఇంకా అక్కడే ఉంది. ఇది ఫిర్యాదు కాదు. మాటల్లో వచ్చింది కాబట్టి చెప్పాను.

దిద్దాను. వాక్యాలు మరీ పొట్టిగా ఉన్నాయి, ఊపిరాడనట్టు. "గోడ ఏడుస్తుంది" అనకు. గోడలు ఏడవవు, చెమ్మగిల్లుతాయి. ఇక లోపంతో మొదలుపెట్టడమంటావా, వినడానికి ముచ్చటగానే ఉంది. కానీ అమ్మాల్సిన ఇంటి మీద నువ్వే చాడీలు చెబితే కొనేదెవరే? నీ వృత్తి నీకు తెలుసు. నేను పొరబడి ఉండొచ్చు. ఈ మధ్య ఏం చెప్పినా, చెప్పాక అలాగే అనిపిస్తోంది. క్లాసులో పాఠం చెప్పి బయటికొస్తూ కూడా.

ఒంట్లో జాగ్రత్త. మెట్లెక్కీ దిగీ మోకాళ్ళు పాడుచేసుకోకు.

ప్రేమతో,
అక్క

*

ప్రియమైన అక్కకి,

చాడీలే కొంటున్నారే అక్కా!

రెండు నెలలుగా ఉత్తరం రాయలేదని కోప్పడకు, దిద్దుబాట్లు పంపినప్పుడల్లా నువ్వు రాసే రెండు ముక్కలతోనే సరిపెట్టుకున్నాను. తీరిక లేదు. అమ్మేవాళ్ళే ఫోను చేసి "అమ్మా, మా ఇంటికీ ఓసారి వచ్చి లోపం చెప్పి వెళ్ళు" అంటున్నారు. "గోడ ఏడుస్తుంది" అన్నదాన్ని నువ్వు కొట్టేసినా నేను మళ్ళీ పెట్టేశాను, తిట్టుకో. అది చదివి ఒకాయన తన ఇంటి గోడ ఎందుకేడుస్తోందో ఎనిమిది పేరాలు రాశాడు. ఆయన భార్య కింద ఇంకో నాలుగు రాసింది, కారణం గోడ కాదని.

అసలు సంగతి ఇది. ఒక పత్రికవాళ్ళు నెలకో ఇంటి గురించి రాసిమ్మన్నారు. నీలం అట్ట పత్రిక. నువ్వు చదువుకునే రోజుల్లో కథలు పంపుతుండేదానివి, అదే అనుకుంటా. నీవి వేసుకున్నారా? నాకు సరిగ్గా గుర్తులేదు.

ఈసారి పంపేది రెండంతస్తుల ఇల్లు. కొందామనుకుంటున్నావిడ పెళ్ళి బట్టలు కుడుతుంది. కింద మిషన్లు, పైన కాపురం అని ఆవిడ లెక్క. నా బ్లాగు చదివి తప్ప ఇల్లు చూడదట. "నువ్వు రాయని లోపం ఆ ఇంట్లో లేనట్టే" అంది. అంత మాట నన్నెవరూ అనలేదక్కా ఇంతవరకూ. ఆవిడ ఇల్లు చూడటానికొచ్చే రోజు నేను పత్రిక ఆఫీసుకి వెళ్ళాలి, మా ఆఫీసబ్బాయే తీసుకెళ్తాడు. కాబట్టి అన్నీ రాతలోనే ఉండాలి. త్వరగా దిద్ది పంపు.

నీ
పిచ్చుక

*

ప్రియమైన పిచ్చుకకి,

శుభం. చాలా సంతోషం.

ఆ పత్రిక నాకు తెలుసు. రెండుసార్లు పంపాను. రెండుసార్లూ భద్రంగా తిరిగొచ్చాయి. రెండోసారి కవరు కూడా విప్పినట్టు లేదు.

మొన్న మా స్టాఫ్ రూములో చరిత్ర చెప్పే ఆవిడ తన ఫోనులోంచి నీ బ్లాగు పైకి చదివింది. అందరూ పేపర్లు దిద్దడం ఆపి విన్నారు. "రాసింది మా చెల్లెలే" అన్నాను. "అవునా! రాసేది మీరని విన్నామే" అంది ఆవిడ. చెడ్డ మనిషి కాదు. ఊరికే అంది.

దిద్దింది ఇందులో ఉంది. మొదటి వాక్యం తీసేశాను. అలంకారం ఎక్కువై కృతకంగా ఉంది. లోపం ఉండితీరాలంటే వంటింటి కిటికీ బిగుసుకుపోయిందని కింద రాశావుగా, దాన్నే ముందుకు తెచ్చాను. అక్కణ్ణించి ఉదయపు ఎండ మెట్ల మీదుగా దిగే వర్ణనకి సాఫీగా వెళ్ళిపోతుంది. మార్జినులో ఏం రాశానో చూసుకో. ఊరికే రాయలేదు.

ఈసారైనా నేను కొట్టేసినవి తిరిగి పెట్టకు.

ప్రేమతో,
అక్క

*

అక్కా,

కుట్టుపని ఆవిడ మెట్ల మీంచి పడింది.

ఇల్లు చూడటానికొచ్చి, పైగది చూసుకుని, చేతిలో టేపుతో గోడలు కొలుచుకుంటూ దిగుతోందట. పై నుంచి నాలుగో మెట్టు. కుడిచేతి మణికట్టు విరిగింది. ఆరు వారాలు కట్టుతో ఉండాలన్నారు. ఒప్పుకున్న పెళ్ళి బట్టలు సగం కత్తిరించినవి బల్లల మీద అలాగే ఉన్నాయి.

ఆస్పత్రికి వెళ్ళాను. నన్ను తిట్టలేదు. "కిటికీ ఒక్కటేగా అనుకున్నానమ్మా" అంది. అంతే అంది.

పత్రికవాళ్ళు కొన్నాళ్ళు ఆగమన్నారు. పదో తారీకున మా ఆఫీసులో మీటింగు. నన్ను ఉంచాలా తీసేయాలా అని. "ఆ మెట్టు సంగతి నీకు ముందే తెలుసా?" అని కళ్ళజోడు గారు అడిగారు. తెలుసన్నాను. "మరెందుకు రాయలేదు?" అన్నారు. జవాబు చెప్పకుండా నిలబడ్డాను. పదో తారీకున అలా నిలబడితే కుదరదు.

ఒక్కటే అడుగుతున్నాను. ఆ వాక్యం ఎందుకు కొట్టేశావు?

చెల్లెలు

*

పిచ్చుకా,

ముందు లోపం. మీ అక్కకి నిన్ను చూస్తే కుళ్ళు.

ఈ వాక్యం రాయడానికి మూడు కాగితాలు చింపాను. మొదటిదాంట్లో "శైలి దృష్ట్యా" అని మొదలైంది. రెండోదాంట్లో "ఇలా జరుగుతుందని ఊహించలేదు" అని. మూడోదాంట్లో ఎలా తిప్పి రాశానో, తప్పంతా నీదైపోయింది. చదువుకున్నదాన్ని కదా, అలా తిప్పడం బాగా వచ్చు.

"పై నుంచి నాలుగో మెట్టు మిగతావాటికన్నా రెండు వేళ్ళు లోతు, కాలు నమ్మిన చోట నేల ఉండదు." ఇదీ నువ్వు రాసింది. నాకు కంఠతా వచ్చేసింది. ఇందులో అలంకారం ఎక్కడుంది? నా నవలలో ఒకావిడ తన కాపురం గురించి చెప్పాలి. ఏం చెప్పాలో నాకు తెలుసు, ఎలా చెప్పాలో తెలీక ఇరవై ఏళ్ళుగా తంటాలు పడుతున్నాను. నలభై పేజీలు రాసినా రాలేదు. నువ్వు ఓ మెట్టు గురించి రాస్తూ ఆ మాట అనేసి, వంటింట్లోకి నడిచి, కిటికీ బిగుసుకుపోయిందన్నావు.

చదివి కాసేపు కిటికీ దగ్గర నిలబడ్డాను. తిరిగొచ్చి మళ్ళీ చదివాను. పెన్ను తీసుకున్నాను. నాకు అన్నిటిమీదా అనుమానాలే. గ్యాసు ఆపానో లేదో అని సగం దారిలోంచి వెనక్కొస్తాను. కానీ ఆ పూట నా చెయ్యి ఎందుకు లేచిందో నాకు అనుమానం లేదు.

ఒక మనిషి నిజంగా ఆ మెట్టు మీద కాలు పెడుతుందని నాకు తట్టనే లేదు. కుట్టుపని ఆవిడ గురించి నువ్వు అంత వివరంగా రాసినా సరే. నా కంటికది వాక్యమే. మెట్టని నీకు తెలుసు.

ఇంకొకటి కూడా చెప్పాలి. "ఇప్పుడిది రచన" అని మార్జినులో రాశానే, అది కూడా అబద్ధమే. కొట్టేసిన చేదు నీకు తెలియకూడదని రాశాను. ముందున్నదే రచన.

కళ్ళజోడు గారికి విడిగా ఉత్తరం రాసి ఇందులో పెట్టాను. నా పేరు, కాలేజీ చిరునామా, నేను చేసిన పని, అన్నీ ఉన్నాయి. పదో తారీకు లోపల ఇవ్వు. మీ బావకి కూడా చెప్పాను. ఆయన లేచి వెళ్ళి సొరుగు తెరిచారు. టికెట్టు ఎక్కడుందో నేను వెళ్ళి చూడలేదు.

నన్ను క్షమించమని అడిగే ధైర్యం ఇంకా రాలేదు.

అక్క

*

ప్రియమైన అక్కకి,

నీ ఉత్తరం తొమ్మిదో తారీకున అందింది. లోపలి కవరు కళ్ళజోడు గారికి ఇవ్వలేదు. ఎందుకో చెబుతాను, కూర్చుని చదువు.

ఎందుకు కొట్టేశావని నిన్ను అడిగాను కానీ, నాకు ముందే తెలుసు. నీకు నచ్చని వాక్యాన్ని నువ్వు సన్నగా ఒక్క గీత గీసి వదిలేస్తావు. దీన్ని మూడుసార్లు కొట్టావు. కాగితం అవతలికి చిల్లు పడింది. ఆ చిల్లులో వేలు పెట్టి చూశాను. మా అక్కకి ఇంత కోపం వచ్చిందంటే ఎంత బాగా కుదిరిందో అనుకున్నాను. దాచడం ఎందుకు, గర్వపడ్డాను.

మరి తిరిగి పెట్టలేదేం అంటావు. గోడని ఏడిపించినదాన్నే కదా. పెట్టాను. టైపు కూడా చేశాను. అప్పుడు మార్జిను చూశాను.

అక్కా, మూడో తరగతి నుంచి నీ ఎర్ర సిరా చదువుతున్నాను. ఒక్కనాడూ "బాగుంది" అని లేదు. నీ స్నేహితురాళ్ళ కవితల పక్కన రాసేదానివి. నువ్వు లేనప్పుడు నీ సంచీలోంచి తీసి, వాళ్ళకేం రాశావో చూసి, కుళ్ళుకునేదాన్ని. ఒకసారి వాటి మీద కావాలనే నీళ్ళు ఒలకబోశాను. పిల్లి అన్నావు నువ్వు. పిల్లి కాదు.

ఇన్నేళ్ళకి నాకూ రెండు మాటలు వచ్చాయి. ఆ వాక్యం తిరిగి పెడితే అవి నావి కావు. అందుకని తీసేశాను. నీకు ఆ మెట్టు తెలీదు. నా పాదానికి తెలుసు. అంచేత తప్పు నాది.

మీటింగులో అదే చెప్పాను, "మెచ్చుకోలు కోసం తీసేశాను" అని. కళ్ళజోడు గారు కళ్ళజోడు తీసి తుడుచుకుని, "ఎవరి మెచ్చుకోలు?" అన్నారు. "ఉన్నారులెండి" అన్నాను. మూడు నెలలు ఇళ్ళు చూపించకూడదు, కుర్చీలో కూర్చుని ఫోన్లెత్తాలి. ఉద్యోగం ఉంది. బ్లాగులో ఆ ఇంటి గురించి మళ్ళీ మొదటినుంచి రాయమన్నారు. పత్రికవాళ్ళ దగ్గర్నుంచి కబురు లేదు.

సాయంత్రాలు కుట్టుపని ఆవిడ దగ్గరికి వెళ్ళి గుండీలు కుడుతున్నాను. "నీ కుట్టూ నీ రాతలాగే ఉందమ్మాయ్, పొట్టిపొట్టిగా" అని వెక్కిరిస్తుంది. ఒప్పుకున్న బట్టల్లో రెండు జతలు వేరేవాళ్ళకి వెళ్ళిపోయాయి. అది నేను సరిచేయలేను. ఇల్లు మాత్రం ఆవిడే కొంటోంది, మెట్టు బాగుచేయించాకే. "ఈ ఇంటి లోపం తెలిసినంతగా నాకు ఇంకే ఇంటిదీ తెలీదు, ఇంకోటి ఎందుకు?" అంటోంది.

నీ ఉత్తరంలో కుళ్ళు దగ్గర నాకు ఏడుపు రాలేదు. "అది కూడా అబద్ధమే" అన్న దగ్గర వచ్చింది. కాగితం మడిచి పెట్టేశాను. దాని తర్వాతి రెండు వాక్యాలు చదవడానికి మర్నాటి దాకా పట్టింది.

కొత్తగా రాసింది ఇందులో ఉంది. మొదటి వాక్యం నువ్వు కంఠతా పట్టిందే. మార్జిను వెడల్పుగానే వదిలాను. నచ్చకపోతే సన్నగా గీత గియ్యి. నచ్చితే చిల్లు పడేలా కొట్టెయ్. ఇకనించీ నాకది చాలు.

నువ్వు కూడా ఒకటి పంపాలి. నీ నవల, ఒకటో పేజీ నుంచి. బావ టికెట్టు ఎక్కడుంటే అక్కడే ఉండనీ. ఆదివారం ఇంట్లో ఎవరూ లేనప్పుడు చెప్పులు విప్పి చదువుతాను. ఏదైనా ఉంటే ముందు అదే చెబుతాను.

నీ
పిచ్చుక