వచ్చిండు

1997 ఆగస్టు 12
గోడపత్రికకి నన్ను ఎడిటర్ని చేశారు. మొఘల్‌పురాలోని మా కాలేజీలో తెలుగు తీసుకున్నదే పదిహేను మందిమి, పోటీ ఏముంటుంది! అయినా మలక్‌పేటలో ఇల్లు చేరేదాకా బస్సులో నవ్వుకుంటూనే ఉన్నాను.

ఆగస్టు 19
చివరి బెంచీ నగేష్ వ్యాసం ఇచ్చాడు. పురానాపూల్ నుంచి సైకిల్ మీద వస్తాడు. మా తెలుగు లెక్చరర్ వీరరాఘవరావు గారి గురించి రాశాడు. 'సారు వచ్చిండు. నవ్విండు. మా బుగులంత పాయె.' బుగులంటే భయమట. ఎంత బాగుందో! అక్షరం మార్చకుండా అంటించాను.

ఆగస్టు 21, మధ్యాహ్నం
కొంప మునిగింది. సారు అది చదివి క్యారియర్ కూడా విప్పలేదట. ఇన్నేళ్లు పాఠం చెప్తే వచ్చిండు, నవ్విండు అంటాడా, నేను వాడి ఈడువాణ్ణా అన్నారట. ఆయనదీ మా గుడివాడ వైపే. మా ఇళ్లలో పెద్దవాళ్లని అలా అంటే చెంప పగులుతుంది.

నగేష్ బిత్తరపోయాడు. మా బాపును గూడ వచ్చిండనే అంట, దేవునికైనా గంతే, గిందుల తప్పేంది అని నన్నే అడిగాడు. కళ్లల్లో నీళ్లు.

ఆగస్టు 22
క్లాసంతా లొల్లి. గురువు మనసు నొప్పించకూడదని సగం మంది, వాడి మాట వాడిష్టమని సగం మంది. దిద్దకపోతే పత్రికే ఆపేస్తానన్నారు ప్రిన్సిపాల్. నాకు సారూ కావాలి, నగేషూ కావాలి. నిజం చెప్పొద్దూ, పత్రిక ఇంకా ఎక్కువ కావాలి.

నగేష్‌ని అడగలేదు. వైట్‌నర్ పెట్టి పదకొండు చోట్ల దిద్దాను. వచ్చారు. నవ్వారు.

ఆగస్టు 23
నగేష్ దిద్దింది చదివి, గీ సారెవరో నాకు ఎర్కలేదు అన్నాడు. కాగితం పీకి నా చేతిలో పెట్టి వెళ్లిపోయాడు.

1998 మార్చి 30
కాలేజీ ఆఖరి రోజు. నగేష్ మళ్లీ ఒక్క ముక్క రాయలేదు. సారీ చెప్దామని ఇరానీ హోటల్‌కి తీసుకెళ్లాను. ఇద్దరం చాయ్‌లో ఉస్మానియా బిస్కెట్లు ముంచుకుని తిన్నాం. పరీక్షల గురించి మాట్లాడుకున్నాం. అసలు మాట నోరు దాటలేదు.

2005 జూన్ 27
సారు ఫోన్ చేశారు! గురువారం రిటైరవుతున్నారట. మైథిలీ, ఆ వ్యాసం ఉందా అమ్మా అన్నారు. వాడి తర్వాత అందరూ 'వచ్చారు' అనే రాశారట. ఆయనొస్తే బుగులు పోయిందని మాత్రం ఒక్కరూ రాయలేదట. సభలో వాడి చేత చదివిస్తావా అని అడిగారు.

జూన్ 28
బ్లేడుతో వైట్‌నర్ గీకాను. కాగితం రెండు చోట్ల చిరిగింది. అయినా ఆ రంగు, ఆ వాసన... ఆ గోడ ముందు నిలబడ్డట్టే ఉంది. ఎంత చిన్నవాళ్లం!

నగేష్ నంబర్ దొరికింది. ముందు సారీ చెప్పాను. గింత లేటా అని నవ్వాడు. సారు అడిగింది చెప్పాను. వస్త అన్నాడు.

జూన్ 30
సారు వచ్చిండు. విన్నడు. ఏడ్చిండు.