కుర్చీకి అల్లుకున్న అడవిమల్లె

అత్తయ్యగారూ, కార్డు చూసి కంగారు పడకండి, మీ అబ్బాయి కులాసాగానే ఉన్నారు. కుడి చేతి గాయం పూర్తిగా మానింది. మిషన్‌లో పోయిన రెండు వేళ్ల సంగతి మాత్రం ఎవరితోనూ ఎత్తరు. నాలుగు నెలలపాటు వెల్డింగ్ షాపు వైపు వెళ్లకుండా, పెరట్లో ఒకేచోట కుర్చీ వేసుకుని గోడకేసి చూస్తూ కూర్చునేవారు.

మీ కంచె మీద నుంచి తెంపి ఇచ్చిన అడవిమల్లె కొమ్మ వానలకు బతికింది. పందిరి వేసే దిక్కు లేక నేల మీదే పాకింది. మొన్న ఆదివారం భోజనానికి పిలిస్తే ఆయన లేచారు గానీ, కుర్చీ జరపబోతే కదల్లేదు. తీగ కుర్చీ వెనక కాళ్లకు చుట్టుకుని పైదాకా ఎక్కేసింది.

"కదలకుండా కూర్చుంటే నన్నే పందిరి అనుకుందే ఇది!" అని పకపకా నవ్వారు. ఆ నవ్వు విని ఎన్నాళ్లయిందో! అన్నం చల్లారుతోందన్నా వినకుండా తీగకు పందిరి వేద్దామని పాత ఇనుప చువ్వలు తీసి, నేను పట్టుకుంటే ఎడమ చేత్తో కొట్టి పాతారు.

"వంకరగా వచ్చింది కదూ?" అన్నారు.

"తీగకేం తెలుస్తుందండీ, వంకరో తిన్ననో" అన్నాను.

వదినకు జ్వరం తగ్గిందా? వంటింటి కప్పు కారడం ఆగిందా? ఇటు వచ్చేవాళ్లెవరైనా ఉంటే మామయ్యగారి చిన్న సుత్తి ఇచ్చి పంపండి. పెద్దది ఎడమ చేతికి బరువుగా ఉందట. ఈ మాట నాది కాదు, ఆయనే రాయమన్నారు. సోమవారం నుంచి షాపుకు వెళతారట.

మామయ్యగారికి నా నమస్కారాలు, పిల్లలకు ముద్దులు.

మీ కోడలు