మీ అక్క ఎక్కితే కదలని బండి

బావమరిదికి ఆశీస్సులు.

నా రాత కోడి గెలికినట్టుంటుంది. తప్పులూ ఉంటాయి. ఊరి బడి చదువు, ఓర్చుకుని చదువు. నువ్వు మెకానిక్‌వి గనక అడుగుతున్నా. నా మోటార్ సైకిలు బజారు మిట్ట దగ్గర మొరాయిస్తోంది. ఇంజిను అరుస్తుంది, బండి కదలదు. నేనొక్కణ్ణే అయితే పిట్టలా పోతుంది. మీ అక్క ఎక్కితేనే గొడవ. ఆమె దిగి నడుస్తుంది, నేను తోస్తాను. నెలాఖరుకి బాగవకపోతే పాతసామాన్ల అతనికి ఇచ్చేస్తానంది. అతను వచ్చి ట్యాంకు తట్టి చూసిపోయాడు. నాకు ఆ బండి తప్ప వేరే సరదా లేదు.

మీ బావ

తా.క. తట్టి నవ్వాడు కూడా.

*

బావగారికి నమస్కారాలు.

ఇంజిను అరిచినా బండి కదలడం లేదంటే క్లచ్ జారుతున్నట్టే. లోపలి ప్లేట్లు ఒకదాన్నొకటి గట్టిగా పట్టుకుంటేనే ఇంజిను బలం చక్రానికి అందుతుంది. ముందు ఎడమచేతి లివరు చూడండి. కొంచెం వదులుగా ఆడాలి. ఎందుకైనా మంచిదని కొత్త ప్లేట్లు పార్సిల్ చేస్తున్నా. ఇంకోమాట, వెనక బరువు ఎక్కువైనా జారుతుంది. ఆ బరువు కొన్నాళ్లు తగ్గించి చూడండి.

మీ బావమరిది

తా.క. ఈ చివరి మాట అక్కకి చెప్పకండి.

*

బావమరిదికి ఆశీస్సులు.

కిందటిసారి ఒక సంగతి మరిచాను. మా ఇంట్లో ఉత్తరాలు విప్పేది మీ అక్క. గుమ్మంలో నిలబడి పైకి చదివింది. ఎదురింటివాళ్లూ విన్నారు.

లివరు వదులుగానే ఉంది. కొత్త ప్లేట్లు వేయించాను. అదే వరస. మీ అక్క ఒక ఇసుక బస్తా తెప్పించి వెనక కట్టించి, "ఇప్పుడు పోనివ్వండి" అంది. బండి ఆగకుండా మిట్ట ఎక్కింది. "బస్తా నాకంటే బరువు. రాయండి వాడికి" అంది. రాశాను.

మీ బావ

తా.క. పక్కనే నిలబడింది. "చాలా బరువు" అని దిద్దమంటోంది. చాలా బరువు.

*

బావగారికీ, ముఖ్యంగా అక్కకీ నమస్కారాలు.

బస్తాతో ఎక్కిన బండి అక్కతో ఎక్కకపోవడం నేనెక్కడా చూడలేదు. షెడ్డులో అందరినీ అడిగాను. బండి భయపడుతోందేమో అన్నాడొకడు. వాడు అక్కని ఒకసారి చూశాడు. బస్తాతో లేనిది, అక్కతో వచ్చేది ఏమిటో బాగా ఆలోచించి రాయండి.

మీ బావమరిది

తా.క. అక్కా, నన్ను చంకనేసుకుని పెంచావు. బరువెవరో నాకు తెలుసు.

*

బావమరిదికి ఆశీస్సులు.

ఆలోచించాను. మాటలు. బస్తా ఏమీ మాట్లాడలేదు. మాటలు క్లచ్‌కి తగులుతాయా?

ఇంకొకటి సంచి. అందులో రెండు కిలోల ఇనుప తూకం రాయి ఉంటుంది. కొట్లవాళ్ల తూకం మీ అక్క నమ్మదు, సొంత రాయితో సరిచూస్తుంది. సంచి ఊగకుండా దాని తాడు ఎడమ పిడికీ లివరుకీ కలిపి బిగించి చుడుతుంది. అది కారణం కాదులే.

మీ బావ

తా.క. మాటల సంగతే చూడు.

*

బావగారూ, నమస్కారం.

సంచే. ఆ తాడు బిగిసి లివరు సగం నొక్కుకుని ఉంటే ప్లేట్లు విడిపోతాయి, ఇంకెలా పట్టుకుంటాయి? సంచి అక్క ఒళ్లో పెట్టండి. ప్లేట్లు కొత్తవి, పట్టు గట్టిగా ఉంటుంది. లివరు మెల్లగా వదలండి.

మీ బావమరిది

తా.క. మెల్లగా.

*

బావమరిదికి ఆశీస్సులు.

సంతోషంలో లివరు ఒక్కసారే వదిలేశాను. బండి దూకి మిట్ట ఎక్కింది. ఇంజిను అరవడం లేదు. వెనక మీ అక్కా మాట్లాడటం లేదు. ఇదే సందు అనుకుని, పెళ్లయినప్పట్నుంచీ అనని మాటలు అన్నాను. నీ గొంతు వినకపోతే నాకు తెల్లారినట్టుండదు అన్నాను. ఇంకా అన్నాను. అవి రాయను. పైకెళ్లి తిరిగి చూస్తే సీటు ఖాళీ. మీ అక్క మిట్ట కింద రోడ్డు మీద కూర్చుని ఉంది, ఒళ్లో సంచితో. దెబ్బలేం లేవు.

వెనక కేరియరు పట్టుకుని పాతసామాన్ల అతను ఉన్నాడు, సైకిలు మీద. మిట్ట తొక్కలేక మొదట్నుంచీ పట్టుకునే వచ్చాడట. "అమ్మగారు పడ్డప్పుడే చెబుదామనుకున్నా. మంచి మాటలు మధ్యలో ఆపడం మర్యాద కాదని ఊరుకున్నా" అన్నాడు. కిందికెళ్లి మీ అక్కకి ఒక్క ముక్క పోకుండా ఒప్పజెప్పాడు. "ఈ బండి నేను తీసుకోనమ్మా" అన్నాడు.

బండి దక్కింది. కానీ ప్రతి ఆదివారం బండి మీద మిట్ట ఎక్కుతూ ఆ మాటలు నా నోటితోనే వినాలంటోంది మీ అక్క. నాకు సిగ్గు. క్లచ్ జారినన్నాళ్లూ ఇంజిను మోతలో ఏమన్నా వినపడేది కాదు. ఇప్పుడు పిల్లిలా పోతోంది. మళ్లీ కాస్త జారేలా చేసే మార్గముందా?

మీ బావ

తా.క. జవాబు ఇంటికి రాయకు. పాతసామాన్ల అతనికి రాయి. ఎవరికీ చెప్పనన్నాడు. ఆదివారం దగ్గర పడుతోంది, త్వరగా రాయి.