ఫోన్ ఆటలో లేవని నా ఎడమ చెయ్యి

జిల్లా క్రీడాధికారి గారి సముఖమునకు, పట్టణ ఫుట్‌బాల్ జట్టు గోల్‌కీపరు వ్రాసుకొను అర్జీ.

అయ్యా,

విషయం: వీడియో గేము కంపెనీ వారి బొమ్మకు ఎడమ చెయ్యి లేవనందున, చెయ్యి లేచే మనిషిని జట్టు నుండి తప్పించబోవుట గురించి.

నేను ఐసు ఫ్యాక్టరీలో దిమ్మలు ఎత్తే పని చేస్తూ, సెలవు దినములందు మన జట్టుకు గోలులో నిలబడుచున్నాను. ఈ సంవత్సరం మన జట్టుకూ, మనతో ఆడే మిగతా జట్లకూ, టీవీలో వచ్చే ప్రసారానికీ ఒకే వీడియో గేము కంపెనీ వారు ఖర్చు పెట్టుకొనుచున్నారు. ఆ ఒప్పందంపై తమరి సంతకం ఉన్నందున నా ఇబ్బందులు తమరికే మనవి చేసుకొనుచున్నాను.

1. కంపెనీ వారు ఆటగాళ్ళందరికీ కొలతలు తీసి, మా రూపాలతో ఫోనులో ఆడుకునే ఆట తయారు చేసినారు. కొలతల నాటికి ఐసు దిమ్మ జారి నా ఎడమ బొటనవేలు నలిగి, చేతికి కట్టు వేసి మెడకు వేలాడదీసి ఉన్నది. చెయ్యి ఎత్తమన్నారు. ఎత్తగలిగినంత ఎత్తినాను. అది భుజం దాకా రాలేదు. మానిన తర్వాత మళ్ళీ వస్తానంటే, ఇది చాలని కెమెరాలు సర్దుకున్నారు. నా వేలు మానినది. బొమ్మకు మానలేదు.

2. సదరు ఆటలో నాకు వందకు ముప్పై ఎనిమిది మార్కులు వేసినారు. బడిలోనూ నాకు అంతే వచ్చేవి గనుక అభ్యంతరం లేదు. అయితే ఆ అంకెను ప్రసారంలో నా ముఖం పక్కన చూపించుచున్నారు. క్షౌరశాల నడిపే మా బావమరిది గిరాకీ లేనప్పుడల్లా ఆ ఆటే ఆడును. సగం గడ్డం గీసిన మనిషిని కుర్చీలో ఉంచుకుని, "బావా, ఎడం చెయ్యి జేబులో పెట్టుకుని ఆడతావేంటి?" అని నన్ను అడిగినాడు.

3. ఎదుటి జట్ల వారు కూడా ఆ ఆటపైనే సాధన చేసి వచ్చి, బంతిని నా ఎడమవైపే కొట్టుచున్నారు. ఎటు వస్తుందో ముందే తెలిసిన బంతిని పట్టుటలో కష్టమేమున్నది? ఈ సంవత్సరం మన గోలులోకి ఒక్కటీ పోలేదు. ఇందులో నా గొప్ప లేదని ఒప్పుకొనుచున్నాను. కానీ అసలు చిక్కు ఇక్కడే మొదలైనది.

4. నేను ఎడమవైపు దూకి బంతి పట్టినప్పుడల్లా, ప్రసారంలో అదే బంతిని కంపెనీ ఆటలో కొట్టించి, అది నా బొమ్మను దాటి గోలులోకి పోవుట చూపించుచున్నారు. మొన్న మధ్యలో టీవీ పెట్టిన మా అత్తగారు మేము ఓడినామనుకొని, ఆయన్ని ఇవాళ ఏమీ అనవద్దని నా భార్యకు ఫోను చేసినది. నేను గెలిచి ఇంటికి పోగా, ఓదార్పు మాటలతో భోజనం వడ్డించబడినది.

5. పోయిన వారం కంపెనీ మనిషి మేము బట్టలు మార్చుకునే గదికి వచ్చి, చాలా మర్యాదగా మాట్లాడినాడు.

"మీరు బాగా ఆడుతున్నారు, కాదనను. కానీ మా ఆటలో ఉన్నట్టు ఆడటం లేదు. డబ్బు పెట్టి కొన్నవాళ్ళు అడుగుతున్నారు."

"మీ బొమ్మకే చెయ్యి లేపండి."

"అది వచ్చే ఏడాది ఆటలో లేపుతాం. దానికి వేరే ధర పెడుతున్నాం. అప్పటిదాకా మీరే కాస్త దించండి."

6. అతడు వెళ్ళిన తర్వాత కోచ్ గారు తలుపు దగ్గరగా వేసి, "ఎడం పక్క ఒక రెండు వదిలెయ్ రా. మిగతావి పట్టుకో. లైట్లు వాళ్ళవి, బస్సు వాళ్ళది," అన్నారు. ఆయనపై నాకు కోపం లేదు. ఆయన కాళ్ళకున్న బూట్లూ వారివే. ఒప్పుకోకపోతే ఆదివారం జరిగే ఫైనల్ పోటీలో రెండవ గోల్‌కీపరును నిలబెడతారట. అతడు మంచివాడు. ఆటలో డెబ్బై ఒక్క మార్కులు. బంతి వచ్చునప్పుడు కళ్ళు మూసుకొనును.

నేను పదకొండేళ్ళుగా ఈ జట్టుకు ఆడుచున్నాను. ఫైనల్ దాకా రావడం ఇదే మొదలు. వచ్చే ఏటికి నా మోకాళ్ళు ఇట్లాగే ఉంటాయని చెప్పలేను.

కావున తమరు దయతలచి, గోలులో ఎవరు నిలబడవలెనో మైదానంలో చూసి నిర్ణయించునట్లు ఆజ్ఞాపించవలెను. లేదా, బొమ్మ ఎట్లా ఆడితే మనిషీ అట్లాగే ఆడవలెనని నిబంధన ఉన్నచో, ఎన్ని బంతులు వదలవలెనో తమరి ముద్రతో తెలియజేయవలెను. నోటి మాట మీద బంతి వదలడం నాకు అలవాటు లేదు. ఈ రెండు ముక్కలూ చిత్తగించి, ఆదివారం లోపల ఉత్తర్వు దయచేయించవలెను.

తమ విధేయుడు,
పట్టణ జట్టు గోల్‌కీపరు,
ఐసు ఫ్యాక్టరీ.

తా.క.: అర్జీ ఇవ్వడానికి వస్తుంటే మీ ఆఫీసు మెట్ల మీదే కోచ్ గారు ఎదురుపడ్డారు. ఆదివారం నువ్వే నిలబడు, చెప్పింది మాత్రం మర్చిపోకు అన్నారు. సరే అన్నాను. అయ్యా, మీ దగ్గర దాచను, ఆయనతో అబద్ధం చెప్పాను. బంతి అటు వచ్చిందంటే చెయ్యి లేస్తుంది, దాన్ని ఆపడం నాకు రాదు. ఉత్తర్వు ఏదైనా సరే, సోమవారం పంపించండి చాలు.