జప్తులో అమ్మ బుట్ట

ఆతి రివర్,
ఆదివారం, భోజనాలయ్యాక.

అమ్మకు నీ పెద్దకూతురు కటుంగే నమస్కరించి రాసేది. ఇక్కడ నేనూ, నీ అల్లుడూ, పిల్లాడూ బాగానే ఉన్నాం. సిమెంటు ఫ్యాక్టరీల దుమ్ము తప్ప మాకింకే బాధా లేదు. అక్కడ నువ్వూ, తమ్ముడి కుటుంబమూ, మేకలూ కోళ్ళూ అంతా క్షేమమని తలుస్తాను. నల్లమేక ఈనిందో లేదో రాయలేదేం? అసలు విషయాలు వదిలేసి చర్చిలో ఎవరు ఏ టోపీ పెట్టుకొచ్చారో మాత్రం పేజీడు రాశావు.

నీ ఉత్తరం బుధవారం మకువేని బస్సు కండక్టరు తెచ్చిచ్చాడు. ఫోనులో "హలో, వినపడుతోందా" అనడానికే డబ్బులైపోతాయని నువ్వు ఉత్తరమే రాస్తావు కదా, నాకూ అదే హాయి. ఫోనులో అయితే ప్రతి మాటకీ అడ్డుపడతావు. ఉత్తరంలో నా మాట పూర్తయ్యేదాకా నువ్వు కిమ్మనడానికి లేదు. ఈసారి నాకది బాగా అవసరం. ఎందుకో చివర తెలుస్తుంది, ముందే చివరి కాగితం తిరగేయకు.

నువ్వడిగిన వాటికి జవాబులు చెప్తాను. ఇక్కడ వాన లేదు. మబ్బులు వస్తాయి, చూసి పోతాయి. నీ అల్లుడి దగ్గు తగ్గింది. నువ్వు పంపిన వేరు కాచి తాగాడు, తాగుతున్నంతసేపూ నిన్నే తలుచుకున్నాడు, ఏమని తలుచుకున్నాడో మాత్రం అడగకు. పిల్లాడికి కింద పన్ను ఊడింది. నీ మామిడిపళ్ళు అయిపోయాయని చెబితే టెంకలు దాచుకున్నాడు.

ఇక "డిగ్రీ చదివి గేటు దగ్గర ఆడవాళ్ళ సంచులు తడుముతుందట నీ కూతురు" అని పిన్ని నీతో అన్నమాట. నిజమే తడుముతాను. నా కుర్చీకి కంప్లయన్స్ ఆఫీసర్ అని పేరు. ఆ పేరు నోరు తిరగక మా చొక్కాల ఫ్యాక్టరీ కటింగు గదిలో పనిచేసే సియోంబువా నాకు "గేటు అత్తగారు" అని పేరు పెట్టింది. అదే స్థిరపడిపోయింది. సియోంబువా నీకు తెలుసు, పోయిన క్రిస్మస్‌కి మనింటికి వచ్చి నీ మొక్కజొన్న ముథోకోయి రెండు పళ్ళేలు తిని ఇంకా ఉందా అని కుండలోకి తొంగిచూసిన మనిషి.

పిన్నికి ఇలా చెప్పు. మా ఫ్యాక్టరీ ఎగుమతుల జోన్‌లో ఉంది. చుట్టూ కంచె, ఒకటే గేటు. ఆ కంచెలోపలికి వచ్చే బట్టకి ప్రభుత్వం సుంకం వెయ్యదు. వెయ్యదు కాబట్టి ఆ బట్ట చొక్కాలై ఓడెక్కి విదేశం పోవాల్సిందే. గేటు ఇవతలికి, మన దేశంలోకి, అనుమతి లేకుండా ఒక ముక్క వచ్చినా అది దొంగసరుకు కిందే లెక్క. చొక్కా సరే, కత్తిరించగా మిగిలిన పీలిక కూడా అంతే. పీలికలన్నీ తూచి, కస్టమ్స్ ఆఫీసరు కళ్ళముందే కాల్చాలి. కాల్చేవాటికి కూడా కాపలా ఏమిటని నువ్వు నవ్వుతావు. మొదట్లో నేనూ నవ్వాను. కానీ ఈ ఏర్పాటు చెడితే లైసెన్సు పోతుంది, లైసెన్సు పోతే మా షెడ్డులో కుట్టుమిషన్ల ముందు కూచున్న ఆడవాళ్ళంతా ఇళ్ళకి పోవాలి. నేను తడిమేది వాళ్ళ సంచులు, కాపాడేది వాళ్ళ కూడు. పిన్నికి ఇంతవరకూ చదివి వినిపించు చాలు. తరవాతిది నీకే.

చర్చి పాటల బృందానికి తప్పుకుట్టు చొక్కాలు ఇప్పించమన్నావు. కుదరదమ్మా. తప్పుకుట్టు చొక్కాల్ని నేనే కత్తెరతో నిలువునా చీరుస్తాను. మీవాళ్ళు చిరిగిన చొక్కాల్లో పాడతామంటే చెప్పు, అప్పుడు కూడా కుదరదు.

ఇక నువ్వు ఉత్తరంలో మూడుచోట్ల అడిగిన ప్రశ్న. "నా బుట్ట ఏది?"

పోయిన ఉత్తరంలో నేను, తోలు పట్టీ వదులైతే కుట్టించమని సియోంబువాకి ఇచ్చానని రాశాను. అది అబద్ధం. నాన్న కుట్టిన పట్టీకి ఏమవుతుంది, ఇంకో ఇరవై ఏళ్ళు లాగుతుంది. నీ బుట్ట నెలరోజులపాటు కస్టమ్స్ వాళ్ళ జప్తుగదిలో, చక్రం ఊడిన ఒక మోటారుసైకిలు పక్కన, మెడకి చీటీ కట్టించుకుని కూచుంది. దాన్ని పట్టిచ్చింది ఎవరో కాదు, నేనే. కూర్చున్నావా? కూర్చో. మొదటినుంచీ చెప్తాను.

నువ్వు బుట్టెడు మామిడిపళ్ళు పంపావు. కటింగు గది అంతా మూతులు పసుపు చేసుకుని తిన్నారు. శనివారం సాయంత్రం బుట్టని బస్సుకి అందిస్తానని సియోంబువా తీసుకుంది. బుట్ట ఖాళీగా తిప్పి పంపకూడదు కదా. ఆ ఇంగితం నువ్వు మాకు పాలతో పట్టించావు, వాళ్ళమ్మ దానికీ పట్టించింది. కానీ అది నెలాఖరు. దాని ఇంట్లో పిండి లేదు, నన్నడగడానికి మొహమాటం. చుట్టూ చూసింది. కటింగు బల్లకింద నీలం గళ్ళ ముక్కలు, మెత్తగా, అందంగా కుప్పపడి ఉన్నాయి. నువ్వు అతుకుల దుప్పటి కుట్టుకుంటావు కదా అనుకుంది. చక్కగా మడిచి అడుగున సర్ది, పైన పాత పేపరు కప్పింది.

ఆ తరవాత వారంలోనే లైసెన్సు తనిఖీ. అందుకని ఆ శనివారం గేటు దగ్గర నేనూ, కస్టమ్స్ ఆఫీసరు మ్వాకియో గారూ నిలబడి ప్రతి సంచీ విప్పిస్తున్నాం. ఆయన తైతా కొండలవాడు, మాట తక్కువ, టీలో చక్కెర ఎక్కువ. సియోంబువా నీ బుట్టతో వరసలోకి వచ్చింది. నాకేసి కళ్ళు తిప్పుతోంది, కనుబొమలు ఎగరేస్తోంది. బస్సు వెళ్ళిపోతుందని తొందరపెడుతోంది కాబోలనుకున్నాను.

మ్వాకియో గారు బుట్టని గుర్తుపట్టారు. "మేడమ్, ఇది మీ అమ్మగారిది కదా, మామిడిపళ్ళు వచ్చిన బుట్ట. పోనివ్వండి" అన్నారు.

అక్కడ ఆగిపోయి ఉంటే ఈ ఉత్తరంలో సగం ఉండేది కాదు. నా పౌరుషం నీకు తెలుసుగా, నీ నుంచి వచ్చిందే. వరసలో అందరూ చూస్తున్నారు. "అందరి సంచులూ విప్పించి మా అమ్మ బుట్ట వదిలేస్తే రేపు నా మాట ఎవరు వింటారు? రూలంటే రూలే" అని బుట్ట అందుకుని బల్లమీద బోర్లించాను.

నీలం గళ్ళు బల్లంతా పరుచుకున్నాయి.

ముందు సియోంబువాయే అంది. "కళ్ళు పోయేలా సైగ చేశాను కదే! అంత చదువు చదివావు, ఇది చదవలేకపోయావా?"

"ఏం పని చేశావే ఇది?"

"మరి ఖాళీగా పంపమంటావా? పెద్దామె అన్ని పళ్ళు పంపితే, ఖాళీ బుట్ట చూసి నా గురించి ఏమనుకుంటుంది? మా అమ్మ ఉసురు తగలదూ నాకు? ఎలాగూ కాల్చేవేగా ఆ ముక్కలు!"

"కాల్చేవే. కాల్చేదాకా మనవి కావు."

మ్వాకియో గారు నాకేసి చూశారు. "ఏం రాయమంటారు మేడమ్?" అన్నారు. రాయొద్దంటే రాయకుండా ఉండేవారేమో, నాకు తెలియదు. రాస్తే సియోంబువా ఉద్యోగం పోతుంది, బహుశా నాది కూడా. రాయకపోతే రేపట్నించి ప్రతి సంచీలోనూ ఒక ముక్క ఉంటుంది, ఆఖరికి గేటుకే తాళం పడుతుంది. "ఉన్నదున్నట్టు రాయండి" అన్నాను. బట్టతో పాటు బుట్టనీ లాక్కున్నారు. దొంగసరుకు మోసిన బండిని జప్తు చెయ్యాలట. నీ బుట్ట బండి కిందికి వస్తుందమ్మా.

మా మేనేజరు గారు ఎగిరిపడ్డారు. "పళ్ళు మీరందరూ తిన్నారు, టెంక నా గొంతులో పడింది!" అని ఆఫీసంతా వినపడేలా అరిచారు. సియోంబువాని విచారణ తేలేదాకా ఇంట్లో ఉండమన్నారు. క్యాంటీనులో నేను పళ్ళెం పట్టుకుని వెళ్తే బల్లమీద చోటుండేది కాదు, ఉన్నా ఎవరో ఒకరు సంచీ పెట్టేవారు. "తల్లి బుట్టనే వదల్లేదు, మనల్ని వదులుతుందా" అని నాకు వినపడేటట్టే అనేవారు. నాకు ఏడుపొచ్చేది. ఏడవలేదు, ఉగాలి ముద్దలు మింగాను. అప్పుడే నీకు ఆ అబద్ధం రాసింది. నిజం రాస్తే నువ్వు మొదటి బస్సెక్కి వచ్చేస్తావని భయం.

విచారణకి కస్టమ్స్ పై ఆఫీసునుంచి ఒక నెరిసిన తలాయన వచ్చారు. సియోంబువా తరపున నేనే నిలబడ్డాను. పట్టుకున్నదీ నేనే, వెనకేసుకొచ్చిందీ నేనే, చూసేవాళ్ళకి పిచ్చిగానే ఉంటుంది. పీలిక కూడా సరుకేనని కటింగు గదిలో కూచోబెట్టి చెప్పాల్సింది నేను, ఎప్పుడూ చెప్పలేదు, కాబట్టి మొదటి తప్పు నాది అన్నాను.

"బుట్ట యజమానురాలికి ఇందులో ఏమైనా తెలుసా?" అని ఆయన అడిగారు.

"తెలియదు సార్. తెలిస్తే మీ దాకా రానిచ్చేది కాదు, మా ఇద్దరికీ అక్కడే బెత్తంతో తీర్పయ్యేది."

ఆయన మీసంలో నవ్వుకుని సియోంబువా వైపు తిరిగారు. "పోనీ నువ్వు చెప్పు. ఇన్నేళ్ళు పనిచేశావు, ఎప్పుడూ లేనిది ఎందుకు చేశావు?"

సియోంబువా తల వంచుకునే అంది. "మీ అత్తగారు గిన్నెలో ఏదైనా పెట్టి పంపిస్తే, మీ ఇంట్లోంచి ఆ గిన్నె ఖాళీగా వెళ్తుందా సార్?"

ఆయన తన ముందున్న కాగితంమీద ఏదో రాసుకున్నారు. మ్వాకియో గారు కలం మూత తీసి పెట్టి, తీసి పెట్టి కూచున్నారు.

తీర్పు మొన్న శుక్రవారం వచ్చింది. ఫ్యాక్టరీ తనవాళ్ళ తప్పు తానే పట్టుకుని తానే చెప్పింది కాబట్టి లైసెన్సుకి ఢోకా లేదు, చిన్న జరిమానాతో సరి. ముక్కలు కాల్చారు. సియోంబువాకి ఒక మందలింపు, సోమవారం నుంచి పనిలోకి రమ్మన్నారు. ఆ కబురు చెప్పడానికి వాళ్ళింటికి వెళ్తే నన్ను చూసి తలుపు వేసేసింది. తరవాత తీసి కావలించుకుని ఏడ్చింది, ఏడుస్తూనే తిట్టింది, తిడుతూనే టీ పెట్టింది. నేనూ ఏడ్చాను, ఇప్పుడు రాస్తే తప్పేముంది.

బుట్ట తెచ్చుకోవడానికి నిన్న సాయంత్రం పని వదిలే ముందు జప్తుగదికి వెళ్ళాను. మ్వాకియో గారు దుమ్ము దులిపి, మెడలో చీటీ తెంపి, నా చేతిలో పెట్టబోయి ఆగారు. బుట్టలోకి చూశారు. "ఒక్క నిమిషం మేడమ్" అని బుట్ట పట్టుకునే వెళ్ళిపోయారు. గేటు బయట కొట్టుకి వెళ్ళి వచ్చారు. అడుగున చక్కెర పొట్లం, దానికి గుండుసూదితో కొట్టువాడి బిల్లు.

"ఇదెందుకండీ?" అన్నాను.

"మా అమ్మ కొండమీద ఉంటుంది మేడమ్. అక్కడినుంచి కూడా ఆవిడకి అన్నీ తెలుస్తాయి. ఒక పెద్దావిడ బుట్ట నా చేతులమీదుగా ఖాళీగా పోయిందని తెలిస్తే నన్ను ఇంట్లోకి రానివ్వదు."

బుట్ట తీసుకుని గేటు దగ్గరికి వచ్చాను. ఆడవాళ్ళు వరస కట్టి ఉన్నారు. అందరూ నన్నే చూస్తున్నారు. రూలంటే రూలే కదమ్మా. నీ బుట్టని మళ్ళీ అదే బల్లమీద నేనే బోర్లించాను. చక్కెర పొట్లం దబ్బున పడింది. బిల్లు తీసి పైకెత్తి చూపించాను. వరస చివరినుంచి ఎవరో "బిల్లు సరిగ్గా చూడవే గేటు అత్తగారూ!" అని అరిచారు. ఇక నవ్వులే నవ్వులు. నెల తరవాత నా పేరు నాకు తిరిగొచ్చింది.

ఈ ఉత్తరంతో పాటే బుట్టా బస్సులో వస్తోంది. నాన్న పట్టీ చెక్కుచెదరలేదు, తడిమి చూసుకో. చక్కెర వాడుకో, బిల్లు మాత్రం పారెయ్యకు. ఒక సంగతి. మ్వాకియో గారు ఆఫీసరు, ఆయన మన దగ్గర ఏమీ పుచ్చుకోకూడదు, కాబట్టి ఆయన పేరుతో పళ్ళు పంపకు. అలాగని ఊరుకోవడం నీవల్ల కాదని నాకు తెలుసు. ఈసారి కాపు రాగానే నీ పళ్ళెత్తుకుని కొండమీద ఆయన తల్లి దగ్గరికి నువ్వే వెళ్ళిరా. ఇద్దరు ముసలమ్మలు ఇచ్చిపుచ్చుకుంటుంటే అడ్డుపడే రూలు నేను ఇంతవరకూ చదవలేదు.

ఇట్లు,
తల్లి బుట్టని రెండుసార్లు బోర్లించిన
నీ కూతురు,
కటుంగే