దీవెనమ్మ ఏ గ్రూపు?

ప్రొద్దుటూరు,
మే 4.

ప్రభువు నామంలో అబ్బకు మనవరాలు దీవెనమ్మ వందనాలు.

క్షేమంగా చేరాను. పదో తరగతి రాసిన పిల్లలకు కాలేజీ చదువు ముందే అలవాటు చేసే క్యాంపు అని మా హైస్కూలు సారు చెప్పింది నిజమే. తెల్లారి లేచింది మొదలు చదువే చదువు. క్యాంపు అయ్యేదాకా మేము గేటు దాటకూడదు, ఇంటివాళ్లు లోపలికి రాకూడదు. చివర్లో పరీక్ష పెడతారు. అందులో ముందు వచ్చిన వాళ్లకు ఇంటర్మీడియట్ రెండేళ్లూ తిండి, చదువు ఉచితం. ఆ సీటు నాకు కావాలి అబ్బా. నువ్వు జన్మంతా మిషన్ ఆసుపత్రి గేటు దగ్గర కూర్చున్నావు. నేను లోపల డాక్టరమ్మ కుర్చీలో కూర్చోవాలి.

ఇక్కడ రెండు గ్రూపులున్నాయి. ఇద్దరు పెద్ద సార్లూ తమ గ్రూపులోకే రమ్మని పిలుస్తున్నారు. నేనింకా ఎటూ తేల్చుకోలేదు.

ఇట్లు,
నీ దీవెనమ్మ.

తా.క.: ఇక్కడ రసం నీళ్లలా ఉంటుంది. నీళ్లు మాత్రం రసంలా ఉంటాయి.


నల్లగుట్టపల్లె,
జమ్మలమడుగు తాలూకా,
మే 9.

మనవరాలు దీవెనమ్మకు అబ్బ జ్ఞానప్రకాశం దీవెనలు.

నీ ఉత్తరం అందింది. సంతోషం పట్టలేక హబీబుల్లా టీ అంగడి దగ్గర గట్టిగా చదివి వినిపించాను. అక్కడే పొరపాటు చేశాను.

ఉపసర్పంచి రాజీనామా చేసినాడు కదా, వచ్చే నెల మొదట్లో మళ్లీ ఎన్నిక. చిన్నసుబ్బయ్య వైపు నలుగురు మెంబర్లు, నారపయ్య వైపు నలుగురు. ఎటూ చేరని మెంబరు మీ అమ్మ ఒక్కతే. పోయినసారి ఎన్నికప్పుడు మెంబర్లను బెంగళూరు తీసుకుపోయి క్యాంపు పెట్టి, ఓటు రోజు జీపులో దించింది నీకు తెలుసు. నేను "క్యాంపు", "గేటు దాటకూడదు", "రెండు గ్రూపులు", "ఎటూ తేల్చుకోలేదు" అని చదువుతూ ఉంటే అంగడిలో ఒక్కరూ టీ చప్పరించలేదు.

సాయంత్రం చిన్నసుబ్బయ్య మీ అమ్మను పిలిపించినాడు. "ఏంది యేసమ్మా, బిడ్డను నారపయ్య క్యాంపులో పెట్టి మాకు సదువని సెప్తాండావా?" అన్నాడు. మరునాడు నారపయ్య మనుషులు వచ్చి అదే మాట చిన్నసుబ్బయ్య పేరుతో అడిగినారు. చదువేనప్పా అని మీ అమ్మ మొత్తుకుంటే ఇద్దరూ నవ్వినారు. వాళ్ల నవ్వు చూశాక నాకే అనుమానం పుట్టింది. చదువుకు గ్రూపులెందుకు? సార్లు మనుషుల్ని లాక్కోవడం ఎందుకు? మీ నాయనను అడుగుదామంటే ఎర్రగుంట్లలో సిమెంటు ఎత్తుకుని లారీతో దేశం మీద పోయినాడు.

ఒక్క ముక్క రాయి తల్లీ. నువ్వు ఏ గ్రూపు?

ఇట్లు,
అబ్బ.

తా.క.: చిన్నసుబ్బయ్య మనిషి ఒక టీ ఇప్పించినాడు, నారపయ్య మనిషి ఒక టీ ఇప్పించినాడు. రెండూ తాగినాను. ఎవరి టీ ముందు తాగినానని ఇప్పుడు ఊర్లో చర్చ జరుగుతోంది.


ప్రొద్దుటూరు,
మే 10.

ప్రభువు నామంలో అబ్బకు దీవెనమ్మ వందనాలు.

నీ దగ్గర నుంచి ఉత్తరం రాలేదే? వచ్చినా వార్డెనమ్మ పరీక్ష అయ్యేదాకా ఇవ్వదులే.

ఒక ముఖ్యమైన సంగతి. నేను గ్రూపు మార్చేశాను! మొదటి గ్రూపులో నాకు నిద్ర ముంచుకొచ్చేది. ఇక ఈ గ్రూపే, చచ్చినా మారను. అమ్మకు మెల్లగా నచ్చజెప్పు. ఆమె సంతకం కూడా కావాలట.

ఈ గ్రూపులో కోయడం నేర్పుతారు. నిన్న మొదటిసారి కత్తి పట్టాను. చాలామంది కళ్లు మూసుకున్నారు. ఒక పిల్ల వాంతి చేసుకుంది. నా చెయ్యి మాత్రం వణకలేదు. "ఇట్లాంటి చెయ్యే మాకు కావాల్సింది" అని పెద్ద సారు అందరి ముందూ మెచ్చుకున్నారు. ఆ రాత్రి నిద్ర పట్టనంత సంతోషం.

ఇట్లు,
నీ దీవెనమ్మ.

తా.క.: పాపం, కోసిన తర్వాత కూడా గుండె చాలాసేపు కొట్టుకుంటూనే ఉంది.


నల్లగుట్టపల్లె,
మే 14.

మనవరాలు దీవెనమ్మకు అబ్బ దీవెనలు.

నీ రెండో ఉత్తరం చదివి మీ అమ్మ పొయ్యి ముందే కూలబడింది. ఈసారి నేను అంగడికి పోలేదు. ప్రభువు గుడికి పోయి మోకరించినాను, లేచి నేరుగా చిన్నసుబ్బయ్య ఇంటికి పోయినాను.

ఉత్తరం చూపిస్తే ఆయన రెండుసార్లు చదివినాడు. "ఆడబిడ్డ చేతికి కత్తి ఇచ్చేదాకా వచ్చినాడా నారపయ్య!" అని మీసం మీద చెయ్యేసినాడు. "అప్పా, నా మనవరాలిని నాకు తెచ్చియ్యి" అన్నాను. "తెస్తా పెద్దాయనా. నీ కోడలి ఓటు మాత్రం నాది" అన్నాడు. మీ అమ్మ సరేనంది. దీవెనమ్మా, ఆమె అప్పుడు ఓటు గురించి ఆలోచించలేదు, నీ గురించే ఆలోచించింది.

జీపు వస్తుంది. ఎదురు మాట్లాడకుండా ఎక్కు.

ఇట్లు,
అబ్బ.

తా.క.: ఆ కత్తి అక్కడే వదిలేసి రా. కడిగి వదిలెయ్.


పులివెందుల,
మే 24.

అబ్బకు దీవెనమ్మ వందనాలు.

నీ రెండు ఉత్తరాలూ ఇక్కడికి వచ్చాకే కలిపి చదివాను. జీపు ఎక్కించేటప్పుడు వార్డెనమ్మ నా సంచిలో కుక్కింది.

అబ్బా, నేను కోసింది కప్పను. డాక్టరు చదువుకు పోవాలంటే ముందు కప్పను కోయాలి. గ్రూపులంటే లెక్కల చదువు ఒకటి, డాక్టరు చదువుకు పనికొచ్చేది ఇంకొకటి. కాలేజీలో వాటినే గ్రూపులంటారు. నారపయ్యకూ వాటికీ ఏ సంబంధమూ లేదు.

క్లాసు మధ్యలో నలుగురు వచ్చారు. పెద్ద సారు సుద్దముక్క పట్టుకుని నిలబడిపోయారు. "మా ఊరి బిడ్డ, తీసుకపోతాండాం" అన్నాడు ఒకాయన. నేను రానని బెంచీ పట్టుకున్నాను. నీ ఉత్తరం ఉందని చెప్పారు. నీ పేరు విని బెంచీ వదిలేశాను.

ఇంటికి తీసుకొస్తారనుకున్నాను. పులివెందులలో ఈ ఇంట్లో దించారు. అమ్మ అప్పటికే ఇక్కడ ఉంది. ఎన్నిక అయ్యేదాకా బయటికి పోకూడదట. చదువుకునే క్యాంపు నుంచి విడిపించి అసలు క్యాంపులో పెట్టారు అబ్బా.

పరీక్ష మే 30న. ఎవరి కాళ్లైనా పట్టుకో. ఒక్క పూట వదిలిపెడితే రాసి మళ్లీ వచ్చి కూర్చుంటాను. కాపలా ఉన్న అల్లాబక్ష్ మామ మంచివాడు. ఈ ఉత్తరం డబ్బాలో వేస్తానన్నాడు, జవాబు ఆయన పేరుకు రాస్తే నాకు అందుతుంది. "నా బిడ్డ కూడా నీ ఈడుదే పాపా, కానీ తలుపు తీయమని మాత్రం అడగాకు" అని తల దించుకున్నాడు.

ఇట్లు,
దీవెనమ్మ.

తా.క.: ఇక్కడ రోజూ కోడికూర. పెళ్లయినాక అమ్మ కూర్చుని ఇంకొకరు వడ్డిస్తే తినడం ఇదే మొదలట. మొదటి రోజు ఏడ్చింది. రెండో రోజు ఉప్పు తక్కువైందని చెప్పింది.


నల్లగుట్టపల్లె,
జూన్ 3.

తల్లి దీవెనమ్మకు అబ్బ దీవెనలు. నన్ను క్షమించమని అడగడానికి ముఖం లేదు, అయినా అడుగుతున్నాను.

నీ ఉత్తరం నాకు ముప్పయ్యో తేదీ మధ్యాహ్నం చేరింది. అప్పటికే పరీక్ష మొదలై ఉంటుంది. అయినా ప్రొద్దుటూరు బస్సెక్కినాను. నేను పోయేసరికి పిల్లలు పెట్టెలు మోసుకుంటూ వస్తున్నారు. పెద్ద సారుకు కప్ప సంగతి, మా తెలివి సంగతి అంతా చెప్పినాను. ఆయన నవ్వలేదు. "ఆ పాపకు సీటు వచ్చుండేది పెద్దాయనా. మళ్లీ పరీక్ష పెట్టమంటే పెడతా, కానీ ఆ జీపు చూసినంక మా యాజమాన్యం మీ ఊరి పేరెత్తితేనే భయపడతాంది" అన్నారు. నేను చాలాసేపు గేటు దగ్గరే కూర్చున్నాను. గేటు దగ్గర కూర్చోవడం ఒక్కటే నాకు వచ్చిన పని.

మరునాడు జమ్మలమడుగులో సర్కారు కాలేజీకి పోయి నీకు దరఖాస్తు తెచ్చినాను. గుమాస్తా "ఏ గ్రూపు?" అన్నాడు. అటూ ఇటూ చూసి, కప్పల గ్రూపని చెవిలో చెప్పినాను.

ఇక ఎన్నిక సంగతి. నిన్న జరిగింది. జరగలేదని చెప్పాలి. పార్టీ పెద్దలు కడప నుంచి వచ్చి ఇద్దరినీ కూర్చోబెట్టినారు. నారపయ్య చిన్నసుబ్బయ్య పార్టీలోనే చేరిపోయినాడు. ఒకరికొకరు దండలు వేసుకున్నారు. ఓటు లేకుండా ఏకగ్రీవం చేద్దామన్నారు గానీ, ఉపసర్పంచి నా మనిషంటే నా మనిషని మళ్లీ గొంతులు లేచినాయి. ఆఖరికి ఇద్దరికీ అడ్డం రాని మనిషిని పెడదామని ఒకే పేరు చెప్పినారు. మీ అమ్మ పేరు. ఊర్లో లేదు కదా అని అధికారి అడిగితే సమ్మతి కాగితం అక్కడికక్కడే తయారైంది. మీ అమ్మ సంతకం ఎవడో నా కళ్ల ముందే పెట్టినాడు. మీ అమ్మ పెట్టే సంతకం కన్నా బాగుంది.

అందరూ లడ్లు తిని లేస్తూ ఉంటే నేను చిన్నసుబ్బయ్యను అడిగినాను, "అప్పా, నా కోడలూ బిడ్డా యాడ?" అని. ఆయన చేతిలో లడ్డు అట్లే ఆగిపోయింది. "ఏందీ, ఆళ్లింగా ఆడనే ఉండారా?" అన్నాడు.

జీపు పంపుతానన్నాడు. రాత్రి దాకా చూసినాను. పెట్రోలు ఊరేగింపుకు అయిపోయిందట. కాబట్టి మీరే బయలుదేరండి. ముద్దనూరు దాకా ఒక బస్సు, అక్కడ జమ్మలమడుగు బస్సు. బస్టాండులో నేను ఉంటాను. నువ్వు నాతో మాట్లాడకపోయినా సంచి మాత్రం నా చేతికియ్యి తల్లీ.

ఇట్లు,
నీ అబ్బ జ్ఞానప్రకాశం.

తా.క.: తలుపు తీయనని అల్లాబక్ష్ అంటే, లోపల ఉన్నది ఉపసర్పంచి గారని చెప్పు. ఆయనకూ ఎవరూ చెప్పి ఉండరు.