గడప లోపల బూట్లు

అత్తయ్యగారండీ,

మీ అబ్బాయి కుడి పాదం పైకి లేవడం లేదు. గొంతుక్కూర్చుని టైల్స్ పరిచీ పరిచీ మోకాలి పక్కన నరం నొక్కుకుపోయిందని అమలాపురం డాక్టరుగారు చెప్పేరు. మెల్లగా తగ్గొచ్చట. అందాకా పాదాన్ని ఎత్తి ఉంచే పట్టీ బూటులో వేసుకునే నడవాలట, ఇంట్లో కూడా.

మీరున్నప్పుడు గడప లోపలికి చెప్పు రానిచ్చేవారు కాదు కదండీ. నిన్న ఆయన ఉత్తికాళ్లతో లోపలికి వస్తూ గడపకి వేళ్లు తన్నుకుని పడ్డారు. ఏం చెయ్యాలో నాకు తోచలేదు.

ఈరోజు కొత్త బూట్లు తెచ్చి, వీధిలో తొడగనివ్వకుండా, గడపకి రాసే పసుపే వాటి అడుగునా రాసేను.

"అమ్మ తిడుతుందే," అన్నారు మీ ఫోటో వంక చూసి.

"ఇవి ఇంటి బూట్లండీ," అన్నాను.

పట్టీ పెట్టి అరుగు మీదే తొడుక్కుని, గడప దాటేరు. పడలేదు.

చేసింది తప్పో ఒప్పో ఇంకా తెలియడం లేదండీ. తిడితే నన్నే తిట్టండి.